ముద్ర వేయని మెంబ్రేన్ కూడా ప్రోటీన్‌ని అంతే పట్టుకుంటుంటే ఏం చేయాలి?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. కావలిలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం ప్రాజెక్టు. పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ ఫిల్టర్ (మెంబ్రేన్) మీద అక్రిలమైడ్, మెథాక్రిలిక్ ఆమ్లం, బిస్‌అక్రిలమైడ్ కలిపిన ద్రావణంలో గుడ్డు తెల్లసొన ప్రోటీన్ లైసోజైమ్‌ని టెంప్లేట్‌గా, అంటే అచ్చుగా వేసి జెల్ పొర కట్టించారు. టెంప్లేట్‌ని కడిగేస్తే దాని ఆకారంలో మిగిలే గుంటే ముద్ర, అది ఆ ప్రోటీన్‌నే గుర్తుపట్టి పట్టుకోవాలని ఆశ. టెంప్లేట్‌ని కడిగేశాక ఆ మెంబ్రేన్ లైసోజైమ్‌ని బాగా పట్టుకుంది, ఆవు రక్తంలోని ప్రోటీన్ అయిన బీఎస్‌ఏని వదిలేసింది. కానీ లైసోజైమ్ వేయకుండా అవే రసాయనాలతో చేసిన మెంబ్రేన్ కూడా దాదాపు అంతే పట్టుకుంది. ఎక్కడ తేడా వచ్చింది, ఇదే పద్ధతితో రొయ్యల వైట్ స్పాట్ వైరస్ ప్రోటీన్ వీపీ28 వైపు వెళ్లవచ్చా అన్నది ప్రశ్న.

నేను చాలాకాలం మెంబ్రేన్ల మీద పనిచేసి, ఇప్పుడు నెల్లూరులో విద్యార్థుల ప్రాజెక్టులు చూస్తున్నాను. ఈ ఇబ్బంది దాదాపు ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరికి ఎదురవుతూనే ఉంటుంది. మీరు ముద్ర లేని మెంబ్రేన్ కూడా చేసి, దాని అంకెలు ఉన్నవి ఉన్నట్టు పెట్టడం చాలా మంచి పని. ఆ కంట్రోల్ లేకపోతే అసలు సంగతి బయటపడేదే కాదు.

మీ మెంబ్రేన్ ఇప్పుడు చేస్తున్నది అయాన్ ఎక్స్ఛేంజ్, అంటే వ్యతిరేక ఆవేశం ఉన్నదాన్ని పట్టుకోవడం. మెథాక్రిలిక్ ఆమ్లంలోని కార్బాక్సిల్ గుంపులు పీహెచ్ 7.4 దగ్గర రుణావేశంతో ఉంటాయి. లైసోజైమ్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (ప్రోటీన్ మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 11 దగ్గర, అంటే ఆ పీహెచ్‌లో అది బలమైన ధనావేశం. బీఎస్‌ఏది 4.7 దగ్గర, కాబట్టి అది రుణావేశం. ఒకటి అతుక్కోవడానికి, ఇంకొకటి దూరంగా పోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. పైగా అణువు బరువు చూస్తే లైసోజైమ్ 14.3 కిలోడాల్టన్లు, బీఎస్‌ఏ 66. చిన్నది జెల్‌లోకి దూరుతుంది, పెద్దది దూరదు. ఆవేశంలోనూ సైజులోనూ ఇంత తేడా ఉన్న రెండు ప్రోటీన్లని వేరుచేయడానికి ముద్రతో పనేలేదు.

గుడ్డు తెల్లసొనతో పరీక్ష చేసి చూపిస్తే సరిపోతుందేమో అని చాలామంది అనుకుంటారు. తెల్లసొన ప్రోటీన్లలో లైసోజైమ్ మూడున్నర శాతం దాకా ఉంటుంది. సగానికి పైగా ఓవాల్బ్యుమిన్, దానిది ఆమ్ల స్వభావం. మిగతా ముఖ్యమైనవీ అలాంటివే. అందుకే పరిశ్రమల్లో తెల్లసొన నుంచి లైసోజైమ్ తీసేది కూడా మామూలు కాటయాన్ ఎక్స్ఛేంజ్ రెసిన్‌తోనే. కాబట్టి తెల్లసొన నుంచి మీ మెంబ్రేన్ లైసోజైమ్‌ని శుభ్రంగా లాగినా, గైడ్ మెచ్చుకున్నా, దాన్ని ముద్ర గొప్పతనంగా రాయకండి.

ముందు చేయాల్సింది ఉప్పు పరీక్ష. దీనికి స్పెక్ట్రోఫోటోమీటర్ తప్ప ఏమీ అక్కర్లేదు. 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 7.4 తీసుకుని, అందులో సోడియం క్లోరైడ్ సున్నా, 50, 150, 300, 500 మిల్లీమోలార్లు ఉండేలా వేర్వేరు గొట్టాలు పెట్టుకోండి. ప్రతిదాంట్లో ముద్ర ఉన్న ముక్క, ముద్ర లేని ముక్క, జెల్ వేయని ఉత్త ఫిల్టర్ ముక్క ఒకేలా పరీక్షించండి. మెంబ్రేన్ ఏదీ లేని గొట్టం కూడా ఒకటి ఉండాలి, ఎందుకంటే పల్చని ద్రావణంలో లైసోజైమ్ గాజుకీ ప్లాస్టిక్‌కీ కూడా అతుక్కుంటుంది. ఉప్పు పెరిగేకొద్దీ ఆవేశాల ప్రభావం చేరే దూరం తగ్గిపోతుంది. 10 మిల్లీమోలార్ దగ్గర అది సుమారు 3 నానోమీటర్లు, 300 దగ్గర అర నానోమీటరు పైన కొంచెం. లైసోజైమ్ అణువే మూడు, నాలుగు నానోమీటర్ల సైజు. ఉప్పు ఎక్కువైన నీళ్లలో దూరం నుంచి లాగే ఆకర్షణ ఉండదు, ప్రోటీన్ గుంటలో సరిగ్గా కూర్చుంటేనే నిలుస్తుంది. ముద్ర ఉన్నదీ లేనిదీ రెండూ 150 దగ్గరే చతికిలబడితే ఇప్పటిదాకా చూసినదంతా ఆవేశమే. ముద్ర లేనిది పడిపోయి, ముద్ర ఉన్నది ఎంతో కొంత నిలబడితే, ఆ మిగిలిన తేడాయే మీ అసలు పని మొదలయ్యే చోటు.

ఈ పరీక్ష గురించి ఇంతగా చెప్పడానికి మన ప్రాంతానికి సంబంధించిన కారణం కూడా ఉంది. మీ చివరి లక్ష్యం రొయ్యల చెరువు. సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 35 గ్రాముల లవణాలు. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు చెరువుల్లోనూ, ప్రకాశంలో కొత్తపట్నం వైపు కూడా, లవణీయత కాలువని బట్టి, బోరుని బట్టి, వానని బట్టి మారిపోతూ ఉంటుంది. పైన చెప్పిన 300 మిల్లీమోలార్ అంటే లీటరుకి పదిహేడు గ్రాముల పైచిలుకు ఉప్పు, అంటే చెరువులో మామూలుగా కనిపించే స్థాయే. పల్చని బఫర్‌లో మాత్రమే పనిచేసే మెంబ్రేన్ చెరువు గట్టు మీద పనికిరాదు.

లెక్కలో ఒక చిక్కు కూడా చూసుకోండి. 280 నానోమీటర్ల దగ్గర మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము లైసోజైమ్ సుమారు 2.6 శోషణ చూపిస్తుంది. అదే గాఢతలో బీఎస్‌ఏ 0.66 మాత్రమే. అంటే రీడింగ్ 0.1 తగ్గితే లైసోజైమ్ విషయంలో 0.04 మిల్లీగ్రాములు పోయినట్టు, బీఎస్‌ఏ విషయంలో 0.15 పోయినట్టు. రెండింటికీ ఒకే స్టాండర్డ్ కర్వ్ వాడితే ఎంపిక శక్తి నాలుగు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. ఇంకా, ఉప్పు లేని బఫర్‌లో ఈ రెంటినీ కలిపి పోటీ పెడితే, వ్యతిరేక ఆవేశాల వల్ల అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, గొట్టం మబ్బుగా మారుతుంది. అప్పుడు వచ్చే అంకెకి అర్థం ఉండదు.

పోటీకి సరైన జోడీ సైటోక్రోమ్ సీ. 12.4 కిలోడాల్టన్లు, ఐసోఎలక్ట్రిక్ పాయింట్ 10 దగ్గర. లైసోజైమ్‌కి ఆవేశంలోనూ సైజులోనూ దగ్గర చుట్టం. పైగా ఎర్రగా ఉంటుంది. 410 నానోమీటర్ల చుట్టూ గట్టి శోషణ చూపిస్తుంది, అక్కడ లైసోజైమ్‌కి ఏమీ ఉండదు. కలిపిన ద్రావణంలో 410 దగ్గర చదివి సైటోక్రోమ్ ఎంతో తేల్చుకోండి, 280 రీడింగ్‌లోంచి దాని వాటా తీసేయండి, మిగిలింది లైసోజైమ్. ఖరీదైన పరికరం లేకుండా రెండు ప్రోటీన్ల పోటీ లెక్కకట్టే దారి ఇది. మెంబ్రేన్ ముక్క మీద ఎరుపు ఎక్కడ నిలిచిందో కంటికే తెలిసిపోతుంది. కొనడం కష్టమైతే, ప్లాస్మిడ్ ప్రిపరేషన్ కోసం మీ ల్యాబ్ ఫ్రీజర్‌లో ఆర్‌ఎన్‌ఏజ్ ఏ ఉండే ఉంటుంది. 13.7 కిలోడాల్టన్లు, పాయింట్ 9.6. రంగు లేదు కాబట్టి దాన్ని విడిగా పరీక్షించుకోవాలి, అంతే.

నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇంకొకటి ఉంది. ముద్ర లేని జెల్‌తో పోల్చడం మాత్రమే చాలదు. ప్రోటీన్ లేకుండా కట్టిన జెల్ నిర్మాణంలోనే కాస్త వేరుగా ఉంటుంది, రంధ్రాలు వేరు, ఉబ్బడం వేరు. తేడా కనిపించినా అది గుంట వల్లా, జెల్ వదులు వల్లా అని ఎవరైనా అడగవచ్చు. అందుకే లైసోజైమ్ ముద్రతో ఒకటి, సైటోక్రోమ్ ముద్రతో ఇంకొకటి, రెండూ ఒకే రోజు ఒకే ద్రావణంలోంచి చేయండి. రెంటినీ రెండు ప్రోటీన్లతోనూ పరీక్షించండి. లైసోజైమ్ మెంబ్రేన్ లైసోజైమ్‌ని, సైటోక్రోమ్ మెంబ్రేన్ సైటోక్రోమ్‌ని ఎక్కువ పట్టుకుంటే, ఆవేశం అనో సైజు అనో ఎవరూ కొట్టిపారేయలేరు. మీ థీసిస్‌లో ఈ ఒక్క పట్టిక ఉంటే మిగతా గ్రాఫులు తక్కువైనా ఫర్వాలేదు.

ఇక తయారీ సంగతి. మీరు వాడినది బ్లాటింగ్ కోసం అమ్మే పీవీడీఎఫ్ అయితే వెంటనే మార్చండి. ప్రోటీన్లని ఫిల్టర్ మీదికి ఎక్కించి గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో దాన్ని వాడేదే ప్రోటీన్ని విడవకుండా పట్టుకుంటుందని. జెల్ సరిగ్గా కప్పని ప్రతి చోటా అది తన పని తాను చేసుకుపోతుంది. హైడ్రోఫిలిక్ రకం పీవీడీఎఫ్ గానీ, రీజనరేటెడ్ సెల్యులోజ్ గానీ తీసుకోండి. ఉత్త ఫిల్టర్ ముక్కని కూడా పరీక్షించమన్నది ఇందుకే.

మెథాక్రిలిక్ ఆమ్లం బాగా తగ్గించండి. మోనోమర్లలో (కలిసి జెల్‌గా మారే చిన్న అణువుల్లో) 5 శాతం లోపు పెట్టి, మిగతాది అక్రిలమైడే ఉంచండి. అమైడ్ గుంపుల హైడ్రోజన్ బంధాలు ఒక్కొక్కటీ బలహీనమే, కానీ ప్రోటీన్ ఉపరితలం పొడవునా సరైన చోట్ల పడితే అవే గుర్తింపు. పట్టుకునే మొత్తం తగ్గుతుంది, దానికి బాధపడకండి.

జెల్ గొలుసుల్ని కలిపి కట్టే క్రాస్‌లింకర్ బిస్‌అక్రిలమైడ్, అంటే బిస్, ఎంత వేయాలన్నది అసలు కష్టమైన భాగం. మైపాడు బీచ్‌లో నీళ్లు మరీ ఊరుతున్న ఇసుకలో అడుగు వేస్తే ముద్ర క్షణంలో పూడిపోతుంది, ఎండిన ఇసుకలో ముద్రే సరిగా పడదు. జెల్ కూడా అంతే. క్రాస్‌లింకర్ తక్కువైతే టెంప్లేట్ బయటికి రాగానే గుంట మూసుకుపోతుంది. ఎక్కువైతే ప్రోటీన్ లోపలే ఇరుక్కుపోతుంది, బయటినుంచి కొత్తది దూరదు. మొత్తం మోనోమర్ బరువులో 5, 10, 15 శాతం బిస్‌తో మూడు రకాలు చేసి, మూడింటికీ ముద్ర లేని జోడీలు కూడా చేయండి. మీ పాత ముక్కల్ని పారేయకుండా అవే కొలతల కోసం ఉంచుకోండి.

మన వాతావరణం గురించి కూడా చెప్పాలి. ఎండాకాలంలో ఏసీ లేని ల్యాబ్‌లో జెల్ గడ్డకట్టించే పెర్సల్ఫేట్, టెమెడ్ కలిపిన ద్రావణం ఫిల్టర్ రంధ్రాల్లోకి ఇంకేలోపే గడ్డకడుతుంది. ఆ వేడికి ప్రోటీన్ ఆకారం కూడా దెబ్బతినే ప్రమాదం ఉంది. విప్పుకుపోయిన ప్రోటీన్ చుట్టూ కట్టిన గుంట మామూలు ప్రోటీన్‌కి సరిపోదు. ద్రావణాన్ని ఐస్ మీద చల్లబరిచి, గాలి తీసేసి, ఫిల్టర్‌కి ముందే పట్టించి, ఎలక్ట్రోఫోరెసిస్ గాజు పలకల మధ్య పెట్టి నొక్కండి. పల్చని పొర గాలికి తెరిచి ఉంటే ఆక్సిజన్ వల్ల పైభాగం గడ్డకట్టకుండా జిగటగా మిగిలిపోతుంది. పలకల మధ్య ఆ సమస్య ఉండదు. తీశాక అంచు దగ్గర గ్లవ్స్ వేసుకున్న వేలితో తాకి చూడండి. జారే పల్చని పొరలా ఉంటే బాగా వచ్చినట్టు, వేలికి అంటుకుంటే మోనోమర్ మిగిలినట్టు. గ్లవ్స్ లేకుండా మాత్రం తాకకండి, అక్రిలమైడ్ మోనోమర్ నరాలకి విషం. పొడిని తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి.

నీళ్లు పోయే వేగం కూడా జెల్ వేయకముందూ, వేశాకా కొలవండి. మెంబ్రేన్ గొప్పతనమే ప్రోటీన్‌ని ప్రవాహంతో పాటు గుంట దాకా తీసుకురావడం. జెల్ రంధ్రాలన్నిటినీ పూడ్చేస్తే మీ దగ్గర మిగిలేది ఫిల్టర్‌కి అంటిన జెల్ ముద్ద మాత్రమే.

కడగడం దగ్గర చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి. 10 శాతం ఎస్‌డీఎస్ (సబ్బు లాంటి డిటర్జెంట్), 10 శాతం ఎసిటిక్ ఆమ్లం అందరూ వాడేదే. కానీ ఎస్‌డీఎస్ జెల్‌లో మిగిలిపోతే అదే రుణావేశం తెచ్చిపెట్టి లైసోజైమ్‌ని లాగుతుంది. ప్రోటీన్ ఎంతో కొలిచే బ్రాడ్‌ఫర్డ్ పరీక్షని కూడా పాడుచేస్తుంది. అందుకని ముద్ర లేని మెంబ్రేన్‌ని కూడా అచ్చం అలాగే, అన్నిసార్లే కడగాలి. ఒకదాన్ని కడిగి రెండోదాన్ని వదిలేస్తే వచ్చే తేడా సబ్బుదే. మీ విషయంలో ముందు 1 మోలార్ ఉప్పు నీళ్లతో ఎంత వస్తుందో చూసి, మిగిలినదానికే ఎస్‌డీఎస్‌కి వెళ్లమంటాను. కడిగిన ప్రతి నీళ్లనీ కొలిచి, వేసిన ప్రోటీన్‌లో ఎంత బయటికొచ్చిందో లెక్క రాయండి. లోపల మిగిలిన టెంప్లేట్ పరీక్ష సమయంలో మెల్లగా బయటికి కారి అంకెల్ని తారుమారు చేస్తుంది.

ఈ రంగం చరిత్ర తెలిస్తే మీ ఇబ్బంది మీ ఒక్కరిది కాదని అర్థమవుతుంది. 1993లో స్వీడన్‌లోని లుండ్‌లో మోస్‌బాక్ బృందం థియోఫిలిన్, డయజెపామ్ అణువులకి ముద్ర వేసిన పాలిమర్లతో యాంటీబాడీల పని చేయించి చూపింది. థియోఫిలిన్ 180 డాల్టన్లు, గట్టి చిన్న అణువు. గట్టి పాలిమర్‌లో ఆర్గానిక్ ద్రావణిలో ముద్ర వేసినా చెక్కుచెదరదు. ప్రోటీన్ అలా కాదు. పెద్దది, మెత్తనిది, నీళ్లు కావాలి. ఆ నీళ్లే హైడ్రోజన్ బంధాలకి పోటీ వస్తాయి. అదే బృందం 1985లోనే ట్రాన్స్‌ఫెరిన్ కోసం సిలికా కణాల ఉపరితలం మీద సిలేన్ పొరతో ప్రయత్నించింది. లోపల కాకుండా ఉపరితలం మీద ముద్ర వేయాలన్న ఆలోచన అప్పటిదే. 1999లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాట్నర్ బృందం మైకా (అభ్రకం) మీద ప్రోటీన్ని పరిచి, పైన చక్కెర పూత, దానిపైన ప్లాస్మాతో ఫ్లోరోపాలిమర్ వేసి, మైకాని ఒలిచేసి చక్కెర పూసిన గుంటల్ని తయారుచేసింది.

ఉపరితల ముద్రకి మన ల్యాబుల్లో అందుబాటులో ఉన్న దారి పాలిడోపమైన్. ఫిల్టర్ మీద ముందు ప్రోటీన్‌ని నిలబెట్టి, 10 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8.5లో మిల్లీలీటరుకి 2 మిల్లీగ్రాముల డోపమైన్ వేస్తే దానంతట అదే నల్లటి పొర కడుతుంది. రోజంతా ఉంచితే 50 నానోమీటర్ల దాకా పెరుగుతుంది, అంత వద్దు. ప్రోటీన్ పూర్తిగా మునిగిపోతే ఇక బయటికి రాదు. కొన్ని నానోమీటర్లు రాగానే ఆపేయాలి, ఆ సమయం మీ పరిస్థితుల్లో మీరే పట్టుకోవాలి. డోపమైన్ ప్రోటీన్ అమైన్లతో రసాయనికంగా కలిసిపోగలదు, కాబట్టి కొంత టెంప్లేట్ ఎప్పటికీ రాకపోవచ్చు. ఇంత చెప్పినా, నీళ్ల ప్రవాహం దెబ్బతినకుండా గుంటలు పైనే ఉండటం పెద్ద లాభం.

ఇప్పుడు వీపీ28. 1990ల మధ్యలో వైట్ స్పాట్ వచ్చి నెల్లూరు తీరంలో టైగర్ రొయ్య సాగుని ఎలా పడగొట్టిందో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగినా చెబుతారు. 2009 నుంచి వనామీ రకం రొయ్య వచ్చినా ఆ వైరస్ భయం పోలేదు. గట్టు మీదే తెలిసే పరీక్ష కావాలన్న మీ ఆశ న్యాయమైనది. కానీ పీసీఆర్ ల్యాబులు ఇప్పటికే ఉన్నాయి, దాంతో పోటీ అని గుర్తుంచుకోండి.

వీపీ28 వైరస్ పైతొడుగు ప్రోటీన్, 204 అమైనో ఆమ్లాలు. దాని ఎన్-చివర నీళ్లంటే పడని భాగం, పొరలో నాటుకుని ఉండేది అదేనని అనుకుంటారు. దానికి ముద్ర వేస్తే లాభం లేదు. బయటికి కనిపించే భాగంలోంచి తొమ్మిదో పదో అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ని ఎంచుకుని దానికి మాత్రమే ముద్ర వేయడం మేలు. 2000 ప్రాంతంలో జపాన్‌లో రచ్కోవ్, మినౌరా చిన్న పెప్టైడ్ ముద్రతో ఆక్సిటోసిన్‌ని గుర్తించి చూపారు. 2006లో అమెరికాలో షియా బృందం తొమ్మిది అమైనో ఆమ్లాల తోకలకి ముద్ర వేసి పూర్తి ప్రోటీన్లని పట్టింది. పెప్టైడ్‌కి విప్పుకుపోతుందన్న టెన్షన్ లేదు, కడగడం సులువు, ఒక్కసారి చేయించుకుంటే చాలా ముక్కలకి వస్తుంది. బాక్టీరియా లాంటి వాటిలో తయారుచేయించిన రీకాంబినెంట్ ప్రోటీన్‌తోనే చేయాలనుకుంటే, దాన్ని శుద్ధి చేయడానికి తగిలించే హిస్టిడిన్ ట్యాగ్ ఉందేమో చూసుకోండి. ట్యాగ్‌కి కూడా ముద్ర పడుతుంది, ఆ తర్వాత ట్యాగ్ ఉన్న ఏ ప్రోటీన్నైనా మెంబ్రేన్ పట్టుకుంటుంది.

పోటీ ప్రోటీన్‌గా ఇక్కడ బీఎస్‌ఏ పనికిరాదు. రొయ్య రక్తంలోని ప్రోటీన్‌లో ఎక్కువ భాగం హీమోసయనిన్, రాగి ఉన్న నీలి ప్రోటీన్. మీ మెంబ్రేన్ నిజంగా ఎదుర్కోవాల్సింది దాన్నే. దానికి 340 నానోమీటర్ల దగ్గర తనదైన శోషణ ఉంది, కాబట్టి పైన సైటోక్రోమ్‌కి చెప్పిన లెక్కే ఇక్కడా పనికొస్తుంది. పట్టుబడి రోజున చెరువు దగ్గరికి వెళ్లి, బతికున్న ఆరోగ్యమైన రొయ్యల నుంచి సిట్రేట్ పోసిన సిరంజితో రక్తం తీసుకోండి, అందులో తెలిసినంత వీపీ28 కలిపి పరీక్షించండి. బజారులో ఐస్ మీద పెట్టిన రొయ్యల్లో రక్తం పనికిరాదు. అసలు వైరస్‌ని ల్యాబ్‌కి తేవద్దు. ఇంకొకటి, ఈ వైరస్ కణం పొడవు 200 నానోమీటర్లు దాటుతుంది, 0.22 మైక్రాన్ ఫిల్టర్ దాన్ని సైజు వల్లే కొంత ఆపేస్తుంది. ఎప్పుడైనా పూర్తి వైరస్ దాకా వెళితే పెద్ద రంధ్రాల ఫిల్టర్ వాడాలి, లేకపోతే మళ్లీ ఇప్పటి చిక్కే వస్తుంది.

మీ చేతిలో ఒక్క సెమిస్టరే ఉంది కాబట్టి నా సలహా, లైసోజైమ్, సైటోక్రోమ్ జంట మీదే ప్రాజెక్టు పూర్తి చేయండి, వీపీ28ని పీహెచ్‌డీకో తర్వాతి బ్యాచ్‌కో ఉంచండి. ఈ వారం ఉప్పు పరీక్ష చేసి, మూడు ముక్కల అంకెలూ ఇక్కడే పెట్టండి. ఏ మోనోమర్ ఎంత వేశారో గ్రాముల్లో రాస్తే, తర్వాతి మిశ్రమం కలిసి చూద్దాం.